నాలుగో సాక్షి మాట నమ్మవద్దని మనవి

గౌరవనీయులైన జిల్లా పౌరసత్వ అధికారి గారి సముఖమునకు,

మొట్లోపి గ్రామంలో, కుళాయి ఎదుటి రేకుల కొట్టులో దర్జీ పని చేసుకొను ఫైసన్ కచింగ్వే, వయస్సు 51, సమర్పించుకొను అర్జీ.

తేదీ: 14 ఆగస్టు 2012

అయ్యా,

విషయం: బోట్స్వానా పౌరసత్వం కోరుతూ నేను పెట్టుకొన్న దరఖాస్తును "దరఖాస్తుదారు సదరు గ్రామంలో లేడు" అను కారణముపై తోసిపుచ్చుట గురించి, అందుకు ముఖ్య ఆధారమైన నాలుగో సాక్షి వాంగ్మూలమును కొట్టివేయుట గురించి, సదరు నాలుగో సాక్షి నేనే అయి ఉండుట గురించి.

సూచిక: తమ కార్యాలయపు జూలై 20వ తేదీ లేఖ, దానికి జతపరచిన నలుగురు సాక్షుల వాంగ్మూలముల నకలు.

పై విషయమై సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, తమ లేఖలో తప్పు లేదు. తమ విచారణలోనూ తప్పు లేదు. అర్జీలలో ఎదుటివారి తప్పులకు వరుస సంఖ్యలు వేసి రాయడం ఆనవాయితీ అని నాకు తెలుసు. నాకు ఆ అదృష్టం లేదు కనుక నా తప్పులకే సంఖ్యలు వేస్తున్నాను. ఇది రాస్తుండగా నా భార్య (పేరు బొనొలో) పక్కనే కూర్చుని చేటలో అలసందలు ఏరుతూ ప్రతి వాక్యం చదివించుకుని వింటున్నది. ఆమె అభ్యంతరములు కూడా అక్కడక్కడ పొందుపరచడమైనది. పొందుపరచకపోతే ఊరుకోదు.

1. నేను మలావీ దేశంలో దెద్జా దగ్గర పుట్టితిని. 1988లో బస్తాల లారీ మీద ఈ దేశం వచ్చితిని. రావడమైతే వచ్చాను గానీ చేతిలో పాస్‌పోర్టు తప్ప ఇక్కడ ఉండేందుకు ఏ కాగితమూ లేదు. మొదటి రెండేళ్ళూ మొట్లోపిలో నేను కుట్టిన బట్టలకన్నా దాక్కున్న చోట్లే ఎక్కువ. ప్రభుత్వ బండ్లు అప్పుడూ తెల్లవే, ఇప్పుడూ తెల్లవే. ఊరి చివర దుమ్ము లేచిందంటే చాలు, సూది గుడ్డలోనే వదిలేసి పరుగో పరుగు. మేకల దొడ్డిలో దాక్కున్నాను. జొన్నలు పోసే పెద్ద బుట్టలో దాక్కున్నాను. ఒకసారి చావు ఇంట్లో, నేల మీద కూర్చుని ఏడ్చే ఆడవాళ్ళ మధ్య దుప్పటి కప్పుకుని కూర్చుని, పోయింది ఎవరో కూడా తెలియకుండా ఏడ్చాను. చాలా బాగా ఏడ్చానని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

1990లో పని అనుమతి వచ్చినది. 1999లో శాశ్వత నివాసి ముద్ర పడినది. ఇక దాక్కోవలసిన అవసరం లేదని ఆ రోజే నాకు తెలిసింది. నా కాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ డీజిలు బండి చప్పుడు వింటే మిషను తొక్కే కాలు దానంతటదే ఆగిపోతుంది. ఈ సంగతిని గుర్తుంచుకొని కింది అంశములు చదువవలెనని ప్రార్థన.

2. మా ఊళ్ళో బిడ్డ పుట్టిన మనిషిని ఉత్త పేరు పెట్టి పిలిస్తే అమర్యాద. తమకు తెలియనిది కాదు, తమరికీ పిల్లలు ఉండే ఉంటారు. 1991లో మా అమ్మాయి గొరాతా పుట్టింది. ఆ రోజుతో ఫైసన్ పోయి గొరాతా నాన్న మిగిలాడు. చర్చిలో గొరాతా నాన్ననే. కుళాయి దగ్గర గొరాతా నాన్ననే. నా కొట్టు బోర్డు మీద కూడా "గొరాతా నాన్న. పెళ్ళి బట్టలు కుట్టబడును. పాంట్లు పొట్టి చేయబడును" అనే ఉన్నది. బొనొలో సైతం మామూలుగా "గొరాతా నాన్నా" అంటుంది, కోపం వస్తే "ఇదిగో, ఈ మనిషి" అంటుంది. ఫైసన్ కచింగ్వే అనే పేరు నా మలావీ పాస్‌పోర్టులో తప్ప భూమ్మీద ఇంకెక్కడా మిగలలేదు. ఆ పాస్‌పోర్టు సంగతి తర్వాతి అంశంలో వస్తుంది. అది మరీ సిగ్గుచేటు.

3. మూడేళ్ళ క్రితం ఊరి క్గోత్లాలో, గ్రామపెద్ద ఎదుట అందరం కూర్చున్న సభలో, రెండో కుళాయి ఎక్కడ వేయాలన్న చర్చ జరిగినది. నేనూ లేచి మాట్లాడితిని. అందరూ తలలూపుతున్నారు. అంతలో మొలెఫె తాత కర్ర నేలకేసి తట్టి అన్నాడు:

"మాట బాగానే ఉంది. కానీ చుట్టం మాట. చుట్టానికి ఎవరింటి కూరైనా బాగానే ఉంటుంది. ఉప్పెక్కువైందని చెప్పాల్సింది ఇంటివాడు."

జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఈ ఊళ్ళో ఎవరు పోయినా తెల్లవారకముందే పార పట్టుకుని గొయ్యి తవ్వేవాళ్ళలో నేనున్నాను. సగం ఊరి పెళ్ళికూతుళ్ళకు నీలం లెతెయిసి గుడ్డతో గౌన్లు కుట్టింది నేను. వాళ్ళ కూతుళ్ళకు కుడుతున్నదీ నేనే. ఇంకా చుట్టాన్నేనా? ఆ వారమే బస్సెక్కి వెళ్ళి తమ కార్యాలయం నుంచి దరఖాస్తు ఫారం తెచ్చుకున్నాను.

ఫారంలో "పాత దేశపు పౌరసత్వమును వదులుకొనవలెను" అని ఉన్నది. ఎప్పుడు వదులుకోవాలో వెనక పేజీలో ఉన్నది. నేను వెనక పేజీ తిప్పలేదు. మా దేశపు రాయబారి కార్యాలయానికి ఉత్తరం రాసి, పాస్‌పోర్టు జతచేసి, మలావీని వదులుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇక్కడ కాగితం రాకముందే అక్కడి కాగితం ఇచ్చేశాను. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. అంత వెంటనే ఒప్పుకుంటారని అనుకోలేదు. కొంచెం బతిమాలుతారేమో అనుకున్నాను.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన సంభాషణ ఆధారం కోసం పొందుపరచడమైనది.

"మరి నీ శాశ్వత నివాసి ముద్ర ఎక్కడుంది?" అని బొనొలో అడిగింది.

"పాస్‌పోర్టులో."

"పాస్‌పోర్టు ఎక్కడుంది?"

నేను సూదిలో దారం ఎక్కించబోయాను.

"దర్జీవి కదా! కొలవకుండానే కత్తిరించేస్తావా?" అంది.

కనుక నేను ఇప్పుడు మలావీ వాణ్ణి కాను. బోట్స్వానా వాణ్ణి కాను. ముద్ర కూడా పోయింది గనుక చుట్టాన్ని కూడా కాను. రెంటికీ చెడ్డ రేవడి అంటారు, నేను మూడింటికీ చెడ్డాను. ముప్పై రోజుల్లోగా అభ్యంతరము తెలుపని యెడల ఫైలు మూసివేయబడునని తమ లేఖలో ఉన్నది. అందులో ఇంకా ఐదు రోజులు మిగిలినవి. ఫైలు మూసేస్తే నన్ను ఈ దేశం నుంచి పంపించేయాల్సి వస్తుంది. ఎక్కడికి పంపాలో తమకూ తెలియదు, నాకూ తెలియదు. బొనొలో ఇక్కడే ఉంటుంది. మా అమ్మాయి ఇక్కడే ఉంటుంది.

("ఇది ముందే రాయాల్సింది" అంటున్నది నా భార్య. "ఏడుపు మధ్యలో దాచిపెడితే ఆయన చూడొద్దూ?" ఆమె అభ్యంతరము నమోదు చేయడమైనది.)

4. ఇక అసలు నేరము. విచారణకు అధికారి వస్తారని తమ కాగితంలో ఉన్నది. ఆయన కోసం నేను రెండున్నరేళ్ళు ఎదురు చూశాను. ఆయన కూర్చోవడానికని కొట్టులో మంచి కుర్చీ ఒకటి పక్కన పెట్టి, దాని మీద ఎవ్వరినీ కూర్చోనివ్వలేదు.

మార్చి 6, మంగళవారం, విచారణాధికారి కెబొనాంగ్ గారు తెల్లబండిలో వచ్చిరి. ఆయన మర్యాదస్తుడు. ముందు కుళాయి దగ్గర మా పక్కింటావిడ సెయబెలో అమ్మకూ, ఆమె ఆడపడుచుకూ దుమెలా అని నమస్కారం చెప్పి, పొలాలెలా ఉన్నాయి, వానలెలా ఉన్నాయి అని అడిగిన తర్వాతే ఫైసన్ కచింగ్వే ఇల్లెక్కడ అని అడిగారట. వాళ్ళిద్దరే మొదటి, రెండో సాక్షులు.

"కచింగ్వేనా? అలాంటి పేరు మా ఊళ్ళో ఎవరికీ లేదు నాయనా" అన్నది సెయబెలో అమ్మ. అది అబద్ధం కాదు. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉంటున్నా నా పేరు ఆమెకు నిజంగానే తెలియదు. ఆడపడుచు ఆమె చెప్పిందానికి అవునన్నది. ఆమె ఎప్పుడూ అంతే.

మూడో సాక్షి మొలెఫె తాత. ఆయనకు నా పేరు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాడు. దీనికి కారణం ఉన్నది. 1989లో పోలీసులు నా కోసం వచ్చినప్పుడు, ఎవరు అడిగినా ఏం చెప్పాలో ఊరందరికీ నేర్పింది ఆయనే. "ఆ మలావీ వాడా? ఉత్తరానికి వెళ్ళిపోయాడు నాయనా, ఎప్పుడో." ఇవే మాటలు. నాకు అనుమతి వచ్చింది, ముద్ర వచ్చింది, ఊళ్ళో కరెంటు వచ్చింది. కానీ ఆ అబద్ధాన్ని రద్దు చేస్తున్నామని క్గోత్లాలో ఎవరూ ప్రకటించలేదు. ఆయన అక్షరం మార్చకుండా అదే అప్పజెప్పాడు.

నాలుగో సాక్షి ఎదురుగా రేకుల కొట్టులో మిషను మీద ఉన్నాడు. బొనొలో పొలం దగ్గర ఉన్నది, ఆమె ఉంటే ఇంత జరిగేది కాదు. బండి చప్పుడుకే నా కాలు ఆగిపోయింది. ఆయన గడపలో నిలబడి దుమెలా చెప్పి అడిగారు.

"దర్జీ గారూ, ఫైసన్ కచింగ్వే అని ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?"

"లేడండి."

అయ్యా, ఆ మాట నేననలేదు. నా నోరు అన్నది. నేను ఇంకా తేరుకోలేదు.

"మీకు తెలుసా అతను?"

"తెలుసండి. ఉత్తరానికి వెళ్ళిపోయాడు."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. చాలా ఏళ్ళయింది."

"మనిషి ఎలా ఉంటాడు?"

"పొడుగ్గా ఉంటాడండి."

నేను పొట్టివాణ్ణి. ఇది తమ దగ్గరి దరఖాస్తు ఫోటోలో తెలియదు గనుక చెప్పుకొనుచున్నాను.

"మంచివాడేనా?" అని కూడా అడిగారు, పాపం.

"ఏమోనండి. నమ్మదగ్గ మనిషి కాదు" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఆయన ఎండలో అలిసిపోయి ఉన్నారు. టీ ఇచ్చాను. మంచి కుర్చీ చూపించి కూర్చోబెట్టాను. ఆయన చొక్కాకు ఒక గుండీ ఊడి ఉంటే కుట్టి పెట్టాను. వాంగ్మూలం కింద సంతకం చేయమంటే అలవాటుగా "గొరాతా నాన్న, దర్జీ" అని రాశాను. "మీలాంటి సాక్షులుంటే మా పని సులువైపోతుందండీ" అని చెయ్యి కలిపి వెళ్ళిపోయారు. తమరు పంపిన నకలులో కూడా "నాలుగో సాక్షి మిక్కిలి సహకరించినాడు" అని ఆయన రాసి ఉన్నారు.

సాయంత్రం బొనొలో పొలం నుంచి వచ్చి, తల మీది మూట కూడా దించకుండా అడిగింది.

"తెల్లబండి వచ్చిందటగా? ఎందుకు?"

"ఎవరినో వెతుక్కుంటూ వచ్చారు."

"ఎవరిని?"

అప్పుడు, అయ్యా, అప్పుడు తేరుకున్నాను. "ఫైసన్ కచింగ్వేని" అన్నాను.

ఆమె మూట దించి దాని మీదే కూర్చుంది. "ఏం చెప్పావు?"

"లేడని చెప్పాను."

ముందు నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆ నీళ్ళు ఆగలేదు. నేను సైకిలెక్కి తారు రోడ్డు దాకా పదకొండు కిలోమీటర్లు తొక్కాను, దారిలో రెండుసార్లు చైను పడింది. అక్కడ బండి లేదు. రోడ్డు మీద నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్లు ఇక్కడ పొందుపరచుట లేదు.

మర్నాడే వచ్చి తమతో నిజం చెప్పవలసింది. "ఏమయ్యా, నువ్వు ఉన్నావా లేవా?" అని తమరు అడిగితే ఏం చెప్పాలో తోచక, ఎవరైనా మళ్ళీ వస్తారులే అని నాలుగు నెలలు కూర్చున్నాను. ఇది కూడా నా తప్పుల్లో ఒకటిగా లెక్కించవలెను.

5. తమ లేఖ జూలై చివర్లో గ్రామపెద్ద పేరు మీద వచ్చినది. ఆయన క్గోత్లాలో బిగ్గరగా చదివి, "ఈ ఫైసన్ కచింగ్వే ఎవరు?" అని సభను అడిగారు. ఎవరూ పలకలేదు. "మనవాడు కాడేమో, తిప్పి పంపేద్దాం" అన్నారెవరో. తెల్లబండి అక్కడ లేదు. అయినా నా మోకాళ్ళు లేవనన్నాయి. బొనొలో ఆడవాళ్ళ వైపు నుంచి నన్ను చూసిన చూపుకు లేచాయి.

"నేనే" అన్నాను.

"నువ్వు గొరాతా నాన్నవు కదా?" అన్నది సెయబెలో అమ్మ.

"రెండూ నేనేనమ్మా."

"అయ్యో నా తల్లీ! ఇన్నేళ్ళ నుంచీ పక్కింట్లో నీకు వేరే పేరుందా!" అని ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. జరిగిందంతా చెప్పాను. నాలుగో సాక్షి ఎవరో చెప్పేసరికి సభ విరగబడి నవ్వింది. గ్రామపెద్ద గారు కూడా టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆగాక మొలెఫె తాత కర్ర ఆనించి మెల్లగా లేచాడు.

"ఒరేయ్, ఆ రోజు ఆ మాట నేర్పింది నేనే. నిన్ను పట్టుకుపోకూడదని నేర్పాను. కుళాయి సభలో నిన్ను చుట్టమన్నదీ నేనే. అది నా నోటి దురద. చుట్టం కోసం ఊరంతా ఇరవై మూడేళ్ళు అబద్ధమాడుతుందటరా?"

ఆ రోజు క్గోత్లాలో అందరి ముందూ ఏడ్చాను. ఈసారి ఎవరి కోసం ఏడుస్తున్నానో తెలిసే ఏడ్చాను.

ఆ రోజే నాకో సంగతి అర్థమైంది, అయ్యా. నేను కోరి వచ్చిన ఇంటివాడి పదవి నాకు ఈ ఊరు ఎప్పుడో ఇచ్చేసింది. ఇవ్వవలసింది ఒక్క కాగితమే. అది తమ దగ్గర ఉన్నది.

6. కావున తమ దయాదృష్టికి విన్నవించుకొను కోరికలు:

నాలుగో సాక్షి వాంగ్మూలమును కొట్టివేయవలెను. అతడు పరమ అబద్ధాలకోరు. ఇందుకు అతడే సాక్షి.

మొదటి ముగ్గురు సాక్షులపై ఏ చర్యయూ తీసుకొనవద్దు. ఒకరికి తెలియదు, ఒకరు అవునన్నారు, ఒకరు మాట తప్పని మనిషి.

విచారణాధికారి గారిని ఇంకొకసారి పంపవలెను. వారు ఊళ్ళోకి వచ్చి గొరాతా నాన్న ఎక్కడ అని అడిగితే కుక్కలు కూడా దారి చూపిస్తాయి. వీలుంటే తెల్లబండిలో కాకుండా వేరే రంగు బండిలో పంపవలెను. వీలు కానిచో తెల్లబండిలోనే పంపవలెను. అప్పుడు కళ్ళజోడు పెట్టుకున్న ఒక పొట్టి దర్జీ ఎదురొచ్చి, ఫైసన్ కచింగ్వే ఉత్తరానికి వెళ్ళిపోయాడని చెప్పినచో, నమ్మకుండా మంచి కుర్చీలో కాసేపు కూర్చోవలెను. అతడు తేరుకుని నిజం చెప్పేస్తాడు.

ఇందుకోసం రోజూ సాధన జరుగుచున్నది. పొద్దున్నే సంకటి ఉడికే వేళకు బొనొలో వాకిట్లో నిలబడి, మగ గొంతు పెట్టి, "ఫైసన్ కచింగ్వే ఉన్నాడా?" అని కేకేస్తుంది. నేను లోపల్నుంచి "ఉన్నాడు, నేనే" అనాలి. మొదటి మూడు రోజులూ పెరటి గుమ్మం వైపు పరుగెత్తాను. ఇప్పుడు కుర్చీలోంచి కదలకుండా పలకగలుగుచున్నాను. నిన్న సెయబెలో అమ్మ కూడా గోడ మీంచి "ఉన్నాడు, ఉన్నాడు" అని పలికింది.

ఊరివారందరి సంతకములూ, రాయడం రానివారి వేలిముద్రలూ జతపరచడమైనది. మొలెఫె తాత రెండుసార్లు ముద్ర వేశారు, మొదటిది సరిగా పడలేదని.

పైన మనవి చేసుకొన్న తప్పులన్నీ చిత్తగించి, ఉన్నవాణ్ణి ఉన్నాడని తమ పుస్తకంలో రాయించవలెనని వేడుకొనుచు,

ఈసారి పారిపోకుండా నిలబడిన
తమ విధేయుడు,
ఫైసన్ కచింగ్వే
(గొరాతా నాన్న)

తాజాకలము: పై సంతకము పెట్టి సిరా ఆరుతుండగానే తెల్లబండి వచ్చినది. దాచడమెందుకు, జొన్నల బుట్ట మూత తీసే దాకా వెళ్ళాను. యాభై ఒక్క ఏళ్ళ నడుము అందులో పట్టదని అప్పుడు తెలిసింది. గుమ్మంలో బొనొలో నిలబడి ఉన్నది. నేను మూత మళ్ళీ పెట్టేసి, ఈ అర్జీ చేత్తో పట్టుకుని, వీధిలోకి వెళ్ళి, బండి దిగుతున్న అధికారిణి ఎదుట నిలబడ్డాను.

"నేనే ఫైసన్ కచింగ్వేని" అన్నాను, ఆమె ఏమీ అడగకముందే.

"మంచిదండీ" అన్నదామె. "మీ పశువులెన్ని?"

ఆమె పశువైద్య శాఖ ఆవిడ. గాలికుంటు టీకాలు వేయడానికి వచ్చారు.

"నాకు పశువులు లేవమ్మా" అన్నాను. "నేనే ఉన్నాను."

ఆమె కాసేపు నన్నూ, నా వెనక నిలబడ్డ బొనొలోనూ చూసి, అర్జీ తీసుకుని బండి మీద ఆనించి మొదటి నుంచి చివరి దాకా చదివింది. మధ్యలో రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది, నవ్వుకో దేనికో నాకు తెలియదు. తర్వాత ఈ కాగితం వెనక పేజీలో స్వయంగా రాసి, సంతకం పెట్టి, పశువైద్య శాఖ ముద్ర వేసి ఇచ్చింది. "ఈ దినము మొట్లోపి గ్రామములో ఫైసన్ కచింగ్వే అను మనిషిని నా కళ్ళతో చూచితిని. ఉన్నాడు. ఆరోగ్యముగానే ఉన్నాడు."

దయచేసి ఈసారి తమరైనా వెనక పేజీ తిప్పవలెను. ఇరవై నాలుగేళ్ళలో ఒక తెల్లబండి దగ్గరికి నా కాళ్ళతో నేను నడిచి వెళ్ళడం ఇదే మొదటిసారి.